నాలుగు స్టిక్కులు, మూడు పాడైన ఫైళ్లు: ఒక పెళ్లి వీడియో ఎడిటర్ సిస్టమ్‌లో ర్యామ్ కేసు

2024 ఫిబ్రవరి మూడో వారం. మాఘమాసం ముహూర్తాలు జోరుగా నడుస్తున్నాయి. తెనాలి నుంచి ఒక కుర్రాడు తన సిస్టమ్‌ని దుప్పటిలో చుట్టి, కారు వెనక సీట్లో పడుకోబెట్టి, విజయవాడలోని నా వర్క్‌షాప్‌కి తెచ్చాడు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేయడం అతని పని.

"అన్నా, రెండు వారాల్లో ఆరుసార్లు రెండరింగ్ మధ్యలో ఆగిపోయింది. ఒక షాపులో ఎస్ఎంపీఎస్ (కరెంటు సప్లై డబ్బా) మార్చారు, విండోస్ రెండుసార్లు వేశారు. అయినా అంతే. ఎల్లుండికల్లా ఒక పార్టీకి హైలైట్స్ ఇవ్వాలి" అన్నాడు. రాత్రి నిద్ర లేదని కళ్లు చూస్తేనే తెలుస్తోంది.

నేను పద్నాలుగేళ్లుగా సిస్టమ్‌లు అసెంబుల్ చేస్తున్నాను. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం ఉంది. ఇందులో పాడైపోయిన పార్టు ఒక్కటీ లేదు. ప్రతి ర్యామ్ స్టిక్ బాగుంది, బోర్డు బాగుంది, ప్రాసెసర్ బాగుంది. అయినా ఒక పెళ్లి వీడియోలో కొన్ని క్షణాలు పోయాయి.

సిస్టమ్ వివరాలు

2023 మధ్యలో అతనే ఇంట్లో కూర్చుని, వీడియోలు చూసి బిగించుకున్న సిస్టమ్ ఇది. రైజెన్ 7 7700 ప్రాసెసర్, నాలుగు ర్యామ్ స్లాట్లున్న బీ650 బోర్డు, 16 జీబీ స్టిక్కులు రెండు ఉన్న డీడీఆర్5 కిట్. కిట్ 6000 బస్ (అంటే స్పీడ్), సీఎల్36 (అడిగిన డేటా ఇచ్చేలోపు ర్యామ్ తీసుకునే టిక్కుల లెక్క). ఏడు నెలలు ఒక్కసారి కూడా హ్యాంగ్ కాలేదు. 4కే ఫుటేజ్ పెరిగేసరికి 32 జీబీ చాలట్లేదనిపించి, సంక్రాంతి ఆఫర్లలో ఇంకో కిట్ తెప్పించి మిగిలిన రెండు స్లాట్లలో పెట్టాడు. అదే కంపెనీ, అదే మోడల్ నంబర్, డబ్బా మీద బొమ్మ కూడా అదే. టాస్క్ మేనేజర్‌లో 64 జీబీ, 6000 స్పీడ్ కనిపించాయి. అంతా సరిగ్గానే ఉందనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

నేను మొదట చూసింది బ్లూ స్క్రీన్ల చరిత్ర. ఆరు క్రాష్‌లలో నాలుగు రకాల పేర్లు కనిపించాయి. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్, ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ పేరు. డ్రైవర్ తప్పయితే దాదాపు ప్రతిసారీ అదే పేరు వస్తుంది. పేరు రోజుకొకటిగా మారుతుంటే నా చెయ్యి ముందు ర్యామ్ వైపు వెళ్తుంది. ఎందుకంటే ర్యామ్‌లో ఒక బిట్ (సున్నా లేదా ఒకటి) తిరగబడితే, ఆ క్షణాన ఆ చోట ఎవరి డేటా ఉంటే వాళ్లే పడిపోతారు. నింద వాళ్ల మీదకి పోతుంది.

మూత తీసి టార్చ్ వేసి చూస్తే ఇంకో విషయం కనిపించింది. నాలుగో స్టిక్ మిగతావాటికంటే ఒక వెంట్రుక పైకి ఉంది. ఈ బోర్డులో లాక్ ఒక వైపే కదులుతుంది, రెండో వైపు కదలని గాడి. పైన లాక్ పడితే పని అయిపోయిందనుకుంటాం. కానీ కింది వైపు పూర్తిగా దిగకపోవచ్చు. బంగారు రంగు గీత సన్నగా బయటికి కనిపిస్తోంది. దొరికిందిరా అనుకున్నాను. తీసి, సరిగ్గా కూర్చోబెట్టి, టెస్ట్ పెట్టాను. అది అసలు కారణం కాదని అర్ధరాత్రికి తేలింది.

రెండు రాత్రుల పరీక్ష

పెన్‌డ్రైవ్ నుంచి మెమ్‌టెస్ట్86 ప్లస్ నడిపాను. ఇది విండోస్ లేకుండా నేరుగా నడుస్తుంది. ఏ సాఫ్ట్‌వేర్ మీదా అనుమానం పెట్టుకోనక్కర్లేదు. నాలుగు స్టిక్కులతో, ఎక్స్‌పో (ర్యామ్‌ని డబ్బా మీద రాసిన స్పీడ్‌లో నడిపే ఏఎండీ సెట్టింగ్) ఆన్‌లో, ఇరవై మూడో నిమిషంలో మొదటి ఎర్ర గీత, అంటే మొదటి తప్పు, పడింది. తెల్లారేసరికి వందకు పైగా.

ఇక్కడే చాలామంది ఒక స్టిక్ తీసేసి "ఇదే పాడైంది" అని తేల్చేస్తారు. నేను జతలుగా విడదీశాను. పాత జత ఒక్కటే 6000లో పెడితే నాలుగు పాస్‌లు (ఒక పాస్ అంటే టెస్ట్ మొత్తం ఒకసారి పూర్తవడం), ఒక్క తప్పూ లేదు. కొత్త జత ఒక్కటే అదే స్లాట్లలో, అదే స్పీడ్‌లో పెడితే నాలుగు పాస్‌లూ శుభ్రం. మళ్లీ నాలుగూ కలిపితే తప్పులు. బోర్డుకి తాజా బయాస్ (బోర్డుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వేశాక తప్పులు బాగా తగ్గాయి, కానీ పోలేదు. తగ్గడం చూసి సంతోషపడకూడదు. ర్యామ్ విషయంలో పది తప్పులైనా ఒక్క తప్పైనా ఒకటే. 5200కి దించితే రెండు పాస్‌లు బాగానే నడిచి మూడో పాస్‌లో ఒకటి పడింది. చివరికి ఎక్స్‌పో ఆపేసి బోర్డుకే వదిలేస్తే అది తనంతట తాను 3600 ఎంచుకుంది. ఆ స్పీడ్‌లో రాత్రంతా నడిపినా ఒక్క తప్పు లేదు.

3600 అనే అంకె గాల్లోంచి రాలేదు. రైజెన్ 7000 ప్రాసెసర్లకు ఏఎండీ ఇచ్చిన అధికారిక లెక్కలోనే ఉంది. రెండు స్టిక్కులైతే 5200, నాలుగైతే 3600. అంతకు మించి నడిపేదంతా ఓవర్‌క్లాకింగే, అంటే అధికారిక హద్దు దాటి పరిగెత్తించడమే. డబ్బా మీద 6000 అని రాసి ఉన్నా సరే. ఆ డబ్బా మీది మాట ఆ డబ్బాలో ఉన్న రెండు స్టిక్కుల వరకే. రెండు డబ్బాలు కలిపి 6000లో నడుస్తాయని ఏ కంపెనీ మాట ఇవ్వదు.

ఎందుకిలా?

డెస్క్‌టాప్ బోర్డులో నాలుగు స్లాట్లున్నా దారులు రెండే. వాటినే చానళ్లంటారు, ఒక్కో చానల్‌కి రెండు స్లాట్లు. ఇలాంటి బోర్డుల్లో చాలావరకు ఆ తీగలు ప్రాసెసర్ దగ్గర బయల్దేరి, దగ్గరి స్లాట్ మీదుగా వెళ్లి, దూరపు స్లాట్‌లో ముగుస్తాయి. దూరపు స్లాట్‌లో స్టిక్ ఉంటే సిగ్నల్ దారి చివర శుభ్రంగా ముగుస్తుంది. దగ్గరి స్లాట్‌లో కూడా స్టిక్ పెడితే అది దారి మధ్యలో కొమ్మలాంటిది. సిగ్నల్‌లో కొంత అక్కడ తగిలి వెనక్కి వస్తుంది. 6000 స్పీడ్‌లో ఒక బిట్ ఆ తీగ మీద నిలిచేది దాదాపు 167 పికోసెకన్లు. సెకనులో లక్ష కోట్లో వంతు ఒక పికోసెకను. అంత చిన్న సందులో వెనక్కొచ్చిన ప్రతిధ్వని కలిస్తే సున్నా ఏదో, ఒకటి ఏదో ప్రాసెసర్‌కి తేడా చిక్కదు.

దానికి తోడు ఇక్కడ ఇంకో చిక్కు. సీపీయూ-జెడ్‌లో (పార్టుల వివరాలు చూపించే సాఫ్ట్‌వేర్) చూస్తే పాత కిట్‌లోని చిప్‌లు ఒక కంపెనీవి, కొత్త కిట్‌లోవి ఇంకో కంపెనీవి. మోడల్ నంబర్ ఒకటే అయినా లోపలి చిప్‌లు బ్యాచ్‌ని బట్టి మారతాయి. ఇది మోసం కాదు, డబ్బా మీది స్పీడ్, టైమింగ్ ఇస్తున్నంత వరకు వాళ్ల మాట నిలబడినట్టే. కానీ డబ్బా మీద రాయని చిన్న టైమింగులు (ఒక్కో పనికి ర్యామ్ ఎన్ని టిక్కులు ఆగాలో చెప్పే అంకెలు) డజన్ల కొద్దీ ఉంటాయి. వాటిలో రెండు రకాల చిప్‌లకీ సరిపడేది ఒకటి బోర్డు ఎంచుకోవాలి. కుదరొచ్చు, కుదరకపోవచ్చు.

సీపీయూ-జెడ్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. అందులో 3000 అని చూసి కుర్రాడు కంగారుపడ్డాడు. "ఆరువేల బస్ అని అమ్మి మూడువేలది ఇచ్చారా అన్నా?" లేదు. గడియారం 3000 మెగాహెర్ట్జే. ప్రతి టిక్కుకి రెండుసార్లు డేటా పోతుంది కాబట్టి 6000. డీడీఆర్‌లో మొదటి 'డీ' అంటే డబుల్.

తర్వాతి ప్రశ్న ఇంకా మంచిది. "డీడీఆర్5లో తప్పులు దిద్దే ఈసీసీ ఉంటుందంటారుగా?" ఉంటుంది, చిప్ లోపల. చిప్‌లో దాచిన బిట్ తిరగబడితే అది దిద్దుతుంది. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా వచ్చే దారిలో జరిగే తప్పు దాని కంట పడదు. మన తప్పు జరిగింది సరిగ్గా ఆ దారిలోనే. దారిని కూడా కాపాడే ఈసీసీ స్టిక్కులు వేరే ఉంటాయి. వాటిలో అదనపు చిప్‌లు ఉంటాయి, ప్రాసెసర్, బోర్డు కూడా సహకరించాలి.

పాడైన ఫైళ్లు

హైలైట్స్ గడువు దగ్గరపడింది కాబట్టి 3600లోనే సిస్టమ్ ఇచ్చి పంపించాను. రెండు చానళ్లకూ కలిపి 6000లో లెక్క ప్రకారం సెకనుకు 96 జీబీ వస్తే, 3600లో 57.6 జీబీ వస్తుంది. కాస్త నెమ్మది, కానీ నిజం చెప్పే సిస్టమ్. ఆ రాత్రే రెండరింగ్ ఆగకుండా పూర్తయింది.

కానీ నాకు నిద్ర పట్టలేదు. క్రాష్ అయితే కనీసం మనకి తెలుస్తుంది. తెలియకుండా జరిగేదాని సంగతేంటి? కెమెరా కార్డు నుంచి ఫైలు నేరుగా డిస్క్‌లోకి పోదు. ముందు ర్యామ్‌లోకి వచ్చి, అక్కడి నుంచి డిస్క్‌కి వెళ్తుంది. ఆ మధ్యలో ఒక బిట్ మారితే మారిన ఫైలే డిస్క్‌లో పడుతుంది. కంప్యూటర్ ఏమీ అనదు. మర్నాడు ఫోన్ చేసి, సంక్రాంతి తర్వాత ఎన్ని పెళ్లిళ్ల కెమెరా కార్డులు ఈ సిస్టమ్‌లోకి ఎక్కించావని అడిగాను. నాలుగు. కార్డులు ఫార్మాట్ చేశావా? చేశాను అన్నాడు.

అదృష్టం బాగుండి మూడు పెళ్లిళ్లకు మండపం దగ్గరే అసిస్టెంట్ తన ల్యాప్‌టాప్‌తో కార్డుల్ని ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసి పెట్టాడు. ఆ ల్యాప్‌టాప్ వేరు, ఆ ర్యామ్ వేరు. రెండు డిస్కులూ తెప్పించి, నా సిస్టమ్‌లో ప్రతి ఫైలుకీ హాష్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్రలాంటి అంకె) తీసి పోల్చాను. తప్పు చేసిన సిస్టమ్‌లోనే హాష్ తీస్తే లెక్కే తప్పు రావొచ్చు కాబట్టి ఈ పని వేరే మెషీన్‌లోనే చేయాలి. 1,100కి పైగా ఫైళ్లలో మూడు కలవలేదు. మూడూ ప్లే అవుతున్నాయి. ఒకదానిలో, జీలకర్ర బెల్లం పెట్టే చోట, పెళ్లికూతురి చీర అంచు మీద ఆకుపచ్చ గడులు అర సెకను మెరిసి పోతున్నాయి. కెమెరా లోపం అనుకుని కుర్రాడు అక్కడ ఒక ట్రాన్సిషన్ వేసి కప్పేశాడట. మూడూ హార్డ్‌డిస్క్‌లోని మంచి కాపీలతో మార్చేశాం.

నాలుగో పెళ్లికి రెండో కాపీ లేదు. పోల్చడానికి ఏమీ లేదు. కూర్చుని ప్రతి క్లిప్పూ కళ్లతో చూడటమే. అప్పగింతల దగ్గర ఒక క్లిప్ దాదాపు రెండు సెకన్లు చెదిరిపోయింది. రెండో కెమెరా యాంగిల్ ఉంది కాబట్టి ఆ తండ్రి ముఖం దక్కింది, కూతురి ముఖం దక్కలేదు. కంటికి కనిపించని మార్పులు ఇంకేమున్నాయో ఆ పెళ్లి విషయంలో ఎవరూ చెప్పలేరు. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదొక్కటే.

కొత్త ర్యామ్ ఎంపిక

మార్చిలో పని తగ్గాక శాశ్వత పరిష్కారానికి కూర్చున్నాం. ముందు అసలు ఎంత ర్యామ్ కావాలో కొలిచాం. అతని బరువైన ప్రాజెక్ట్ తెరిచి, రెండు కెమెరాల 4కే టైమ్‌లైన్, కలర్ గ్రేడింగ్, పక్కన బ్రౌజర్, అన్నీ రోజూ వాడినట్టే వాడమన్నాను. టాస్క్ మేనేజర్‌లో పతాక స్థాయి 43 జీబీ దగ్గర ఆగింది. అంటే 32 చాలదు, 64 హాయిగా సరిపోతుంది. 48 జీబీ స్టిక్కులు రెండు వేసి 96కి పోదామా అని అతను అడిగాడు. కొలత 43 చెబుతుంటే 96కి డబ్బు పెట్టించడం నాకిష్టం లేదు. ఆ తేడాతో ఇంకో బ్యాకప్ డిస్క్ కొనమన్నాను.

64 జీబీ అంటే రెండు 32లు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. డీడీఆర్5లో ర్యామ్‌ని జీబీల్లో కాకుండా జతల్లో కొనాలి. మొదటి రోజే ఎంత కావాలో తేల్చుకుని ఒకే డబ్బాలో వచ్చే జత తీసుకోవాలి. డీడీఆర్3, డీడీఆర్4 రోజుల్లో "ఇప్పుడు రెండు పెట్టుకో, తర్వాత రెండు వేసుకుందువు" అని నేనే ఎంతోమందికి చెప్పాను. అప్పట్లో చాలావరకు నడిచేది. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాను.

స్పీడ్ విషయంలో 6000 దాటి పోలేదు. ఈ ప్రాసెసర్లలో మెమరీ గడియారం, మెమరీ కంట్రోలర్ (ర్యామ్‌తో మాట్లాడే ప్రాసెసర్ భాగం) గడియారం సరిసమానంగా నడిస్తేనే లాభం. 6000 దగ్గర అది హాయిగా కుదురుతుంది. 7200 కిట్ కొంటే కంట్రోలర్ సగం వేగానికి పడిపోతుంది, ఎక్కువ డబ్బిచ్చి తక్కువ తెచ్చుకున్నట్టవుతుంది. సీఎల్ విషయానికొస్తే, సీఎల్ అంకెని 2000తో గుణించి బస్‌తో భాగిస్తే ఎన్ని నానోసెకన్లో వస్తుంది. 6000 సీఎల్36 అంటే 12 నానోసెకన్లు, 6000 సీఎల్30 అంటే 10. 5200 సీఎల్40 అయితే 15 దాటుతుంది. పాత డీడీఆర్4 3200 సీఎల్16 కూడా పదే. వీడియో ఎడిటింగ్‌కి 10కీ 12కీ తేడా పెద్దగా తెలియదు. మేం చూసిన రోజు రెండు కిట్‌ల మధ్య ధర తేడా తక్కువగా ఉండబట్టి సీఎల్30 తీసుకున్నాం, లేకపోతే సీఎల్36తోనే సరిపెట్టేవాణ్ని. మొత్తం రూ.19 వేల పైచిలుకు అయింది.

కొనే ముందు ఇంకో మూడు చూశాం. ఎక్స్‌పో ప్రొఫైల్ ఉందా, ఇంటెల్ బోర్డుల కోసం చేసిన ఎక్స్ఎంపీ ఒక్కటే ఉందా అన్నది ఒకటి. బోర్డు కంపెనీ ఇచ్చే పరీక్షించిన మెమరీ జాబితాలో ఆ పార్ట్ నంబర్ అక్షరం తేడా లేకుండా ఉందా అన్నది రెండోది. మూడోది ఎత్తు. అతని కూలర్ ఫ్యాన్ స్లాట్ల మీదకి వాలి ఉంటుంది. హీట్ స్ప్రెడర్ లేని మామూలు స్టిక్ ఎత్తు 31 మిల్లీమీటర్ల చిల్లర. లైట్లున్నవి 44 దాకా, కొన్ని ఇంకా పైకి పోతాయి. లైట్లు లేని పొట్టి రకం తీసుకున్నాం. సిస్టమ్ టేబుల్ కింద ఉంటుంది, లైట్లు చూసేదెవరు?

బిగింపు

ఈ పని కుర్రాడి చేతే చేయించాను. ప్లగ్ తీసేసి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టాడు, మిగిలిన కరెంటు పోయేలా. రంగు వెయ్యని క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకున్నాడు. స్టిక్‌ని అంచుల దగ్గరే పట్టుకోవాలి, బంగారు కాళ్లకి వేలు తగలకూడదు.

స్లాట్లు ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోది, నాలుగోది. బోర్డు మీద ఏ2, బీ2 అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇంతకు ముందు చెప్పిన దారి చివరి స్లాట్లు ఇవే. స్టిక్ కాళ్ల మధ్య ఉన్న గాటు స్లాట్‌లో పన్నుతో కలిసిందో లేదో చూడాలి. డీడీఆర్4కీ డీడీఆర్5కీ కాళ్లు 288 చొప్పునే ఉన్నా గాటు చోటు వేరు, కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకోటి దిగదు. దిగట్లేదని బలం పెట్టకండి.

ముందు కదలని గాడి వైపు పూర్తిగా దించి, తర్వాత లాక్ వైపు బొటనవేలితో నొక్కమన్నాను. అతను భయంభయంగా నొక్కాడు. "ఇంకొంచెం తమ్ముడూ, బోర్డు కాస్త వంగినట్టు అనిపిస్తుంది, పర్లేదు." టక్ మంది. "అయిపోయిందా?" "లేదు, రెండో చివర మళ్లీ నొక్కు." అప్పుడు ఇంకో చిన్న టిక్ వినిపించింది. జనవరిలో అతను వినకుండా వదిలేసిన చప్పుడు అదే. పక్క నుంచి టార్చ్ వేసి, రెండు స్టిక్కుల పై అంచూ ఒకే గీతలో ఉందని, బంగారు రంగు ఎక్కడా కనిపించట్లేదని చూసుకున్నాం.

స్విచ్ వేశాం. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ నలుపు. బోర్డు మీద డీర్యామ్ లైటు వెలిగి అలాగే ఉంది. ఒక నిమిషం, రెండు, మూడు. కుర్రాడి చెయ్యి స్విచ్ మీదకి పోయింది. పట్టుకుని ఆపాను. కొత్త ర్యామ్ పెట్టాక మొదటిసారి బోర్డు ఒక్కో తీగకీ సమయాలు సర్దుకుంటుంది, దాన్ని మెమరీ ట్రైనింగ్ అంటారు. ఎంత ఎక్కువ ర్యామ్ ఉంటే అంతసేపు. టెన్షన్‌లో మధ్యలో ఆపేసి, ర్యామ్ పనిచేయట్లేదని వెనక్కి పంపినవాళ్లని చూశాను. నాలుగో నిమిషం దాటాక స్క్రీన్ వచ్చింది. ఎక్స్‌పో ఆన్ చేశాక ఇంకోసారి అంతసేపూ పట్టింది.

ప్రతిసారీ ఈ ట్రైనింగ్ జరగకుండా ఉండేందుకు బయాస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ ఆన్ చేశాను. దాంతోపాటు పవర్ డౌన్ ఎనేబుల్ కూడా ఆన్‌లో ఉండేలా చూశాను. మొదటిది పెట్టి రెండోది ఆపేస్తే సిస్టమ్ నిలకడ తప్పిన సందర్భాలు నా చేతిలోనే ఉన్నాయి. ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లే వోల్టేజ్) 1.3 వోల్టులు దాటలేదని కూడా చూశాను. 2023 వసంతంలో కొన్ని ప్రాసెసర్లు కాలిపోయాక ఏఎండీ విధించిన హద్దు అది. అందుకే 2023 బోర్డుని పాత బయాస్‌తో ఎక్స్‌పోలో నడపకూడదు.

మెమ్‌టెస్ట్ రాత్రంతా నడిచింది, తప్పుల్లేవు. మర్నాడు పాత ప్రాజెక్ట్‌ని ఐదుసార్లు వరసగా రెండర్ చేయించాను. ఆ తర్వాతే పంపించాను.

తర్వాత

ఆ ఏడాది మే నెలంతా మూఢం, పెళ్లిళ్లు లేవు. సిస్టమ్ ఖాళీగా ఉంది కాబట్టి నేనే తెనాలి వెళ్లాను. వేడెక్కితే ర్యామ్ తప్పులు పెరుగుతాయి. మార్చిలో ఏసీ గదిలో పాసైన జత మే ఎండలో ఏమవుతుందో చూడాలి. మధ్యాహ్నం రెండింటికి ఏసీ ఆపి, ఫ్యాన్ ఒక్కటే ఉంచి మూడు గంటలు టెస్ట్ పెట్టాం. డీడీఆర్5 స్టిక్కుల్లో ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. దాన్ని చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో సాఫ్ట్‌వేర్‌లో 59 డిగ్రీలు దాటలేదు, తప్పు ఒక్కటీ పడలేదు. మేమిద్దరం మాత్రం తడిసి ముద్దయ్యాం.

పాత నాలుగు స్టిక్కులు వృథా కాలేదు. ఒక జత అతని అసిస్టెంట్ ఆల్బమ్ డిజైన్ సిస్టమ్‌లోకి వెళ్లింది, 6000లో చక్కగా నడుస్తోంది. రెండో జతని నేనే కొని వర్క్‌షాప్‌లో పరీక్షలకి పెట్టుకున్నాను. ఇప్పుడు కెమెరా కార్డులు మండపం దగ్గర ఒకసారి, ఇంట్లో ఒకసారి వేర్వేరు మెషీన్లలో కాపీ అవుతాయి. రెండు హాష్‌లూ కలిసేదాకా కార్డు ఫార్మాట్ కాదు.

తిరిగొచ్చే ముందు అతని క్యాబినెట్ మూత లోపలి వైపు ఒక కాగితం అంటించాను. ర్యామ్ పార్ట్ నంబర్, బయాస్ వెర్షన్, టెస్ట్ చేసిన తేదీలు రాశాను. కింద ఎర్ర స్కెచ్‌తో ఇంకో లైను: "ఖాళీ స్లాట్లు రెండూ ఖాళీగానే ఉంచాలి."